కుక్కపిల్లల పెంపకము – కుటుంబ క్షేమము

మానవునితో కలిసి జీవింప నేర్చిన జంతువులలో కుక్క మొదటిది. ఆవును, గొర్రెను, గుర్రమును మచ్చిక చేయుటకు వేలాది సంవత్సరములు ముందే మానవుడు కుక్కను చేరదీసెను. పొలమునకు కాపలాగాను, మందకు తోడుగాను, ఇంటికి రక్షగాను అది నాటినుండి నేటివరకు మనుష్యుని వెంట నడచుచున్నది. కాని కుక్కజాతి మచ్చికయైనదనుట వేరు. పుట్టిన ప్రతి కుక్కపిల్లయు మచ్చికగానే పుట్టుననుట వేరు. మనుష్యుని నమ్ము గుణము దానికి పుట్టుకతో పూర్తిగా రాదు. నమ్ముటకు వలసిన శక్తి మాత్రమే పుట్టుకతో వచ్చును. ఆ శక్తి వికసించుటకు తగిన అనుభవము జీవితపు తొలి వారములలో లభింపవలెను. ఆ వారములు గడచిన పిమ్మట ఎంత శ్రమించినను ఆ లోపము పూర్తిగా తీరుట కష్టము.

“మొక్కై వంగనిది మానై వంగునా” అని పెద్దలు చెప్పుదురు. ఈ సామెత కుక్కపిల్ల విషయమున అక్షరాల నిజము. అయితే ఇక్కడ వంచుట యనగా కొట్టి లొంగదీయుట కాదు. భయము తెలియని వయస్సున లోకమును మెల్లగా పరిచయము చేయుట. ఆ పరిచయమును ఎప్పుడు, ఎట్లు చేయవలెనో, అది ప్రజారోగ్యమునకు ఏల ముఖ్యమో ఈ చిన్న పుస్తకము వివరించును.

ఇది ఆరోగ్య సమస్య ఎట్లగును?

కుక్క కరచుటకు కారణములు పెక్కు. అందు ప్రధానమైనది భయము. కొత్త మనిషిని, కొత్త శబ్దమును, కొత్త స్థలమును చూచి బెదరిన కుక్క మొదట పారిపోజూచును. పారిపోవుటకు దారి లేనప్పుడు కరచును. గొలుసుతో కట్టబడిన కుక్కకును, గది మూలను చిక్కిన కుక్కకును దారి లేదు. అందుచేతనే ఇంటి కుక్క ఇంటికి వచ్చిన బంధువును కరచుట, పక్కింటి పసివానిని కరచుట తరచుగా వినుచుందుము.

భారత వైద్య పరిశోధన మండలి 2022–23లో 15 రాష్ట్రములలో జరిపిన సర్వేను బట్టి మన దేశమున సంవత్సరమునకు సుమారు 91 లక్షల జంతు కాట్లు జరుగుచున్నవని అంచనా. అందు నాలుగింట మూడు వంతులు కుక్కకాట్లే. రేబీస్ వ్యాధివలన ఏటా సుమారు 5,700 మంది మరణించుచున్నారని అదే సర్వే తెలిపినది. ప్రపంచమంతటను ఈ వ్యాధికి ఏటా సుమారు 59,000 మంది బలియగుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుష్యులకు సోకు రేబీసులో నూటికి 99 వంతులు కుక్కల ద్వారానే వచ్చుచున్నది. రేబీస్ అనుమానము గల జంతువుల కాటునకు గురియగువారిలో నూటికి 40 మంది 15 సంవత్సరముల లోపు బాలబాలికలు. పిల్లలు పొట్టివారగుటచే కాటు ముఖమునకు, మెడకు, తలకు తగులుట మెండు. ఆ స్థానములు మెదడునకు సమీపమగుటచే అపాయము మరింత అధికము.

పసితనమున మనుష్యులను నమ్మ నేర్చిన కుక్కపిల్ల పెద్దదైన పిమ్మట భయముచే కరచు సందర్భములు తగ్గును. అంతియేకాక అది పశువైద్యుని చేతికి సులభముగా లొంగును. కనుక దానికి సకాలమున టీకా పడును. ఈ రెండు మేళ్లును కుటుంబమునకు, వీధికి రక్షయగును.

పసితనములోని కీలక కాలము

కుక్కపిల్ల పుట్టినప్పుడు దానికి చూపు లేదు, వినికిడి లేదు. మొదటి రెండు వారములు అది పాలు త్రాగుట, నిద్రించుట తప్ప మరియొకటి ఎరుగదు. రెండవ వారము ముగియునప్పటికి కన్నులు తెరచుకొనును. మూడవ వారమున చెవులు వినసాగును, పండ్లు మొలవసాగును, తడబడుచు నడచును, తోక ఆడించును. అప్పటినుండి లోకము దానికి ప్రారంభమగును.

మూడవ వారమునుండి ఇంచుమించు పన్నెండవ వారమువరకు గల కాలమును శాస్త్రజ్ఞులు కీలక కాలమని పిలుతురు. ఈ కాలపు ప్రారంభమున కుక్కపిల్లకు కుతూహలము హెచ్చు, భయము తక్కువ. కొత్త మనిషి కనబడినచో దగ్గరకు వచ్చి వాసన చూచును. అయిదవ వారము దాటిన పిమ్మట జంకు మెల్లమెల్లగా పెరుగజొచ్చును. ఎనిమిదవ వారము ప్రాంతమున కొన్ని పిల్లలు చిన్న బెదురునకే ఎక్కువగా కలతజెందును. పన్నెండు, పదునాలుగు వారములు నిండునప్పటికి జంకు కుతూహలమును మించిపోవును. అప్పటివరకు ఎదురుపడిన వానిని అది “తెలిసినవి” యనియు, ఎదురుపడని వానిని “అపాయకరమైనవి” యనియు భావించును. ప్రకృతి చేసిన ఈ ఏర్పాటు అడవిలో ప్రాణరక్షకు ఉపకరించును. తల్లి చాటున నున్నంతకాలము నేర్చుకొనవలెను. తల్లిని విడిచి తిరుగు వయస్సున తెలియనిదానికి దూరముగా నుండవలెను. కాని మనుష్యుల నడుమ జీవించు కుక్కకు ఆ జంకే శత్రువగును.

పరిశోధనలు తెలిపిన సంగతులు

జంతువుల పసితనమున ఇట్టి ప్రత్యేక కాలము గలదని ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ 1935లో బాతుపిల్లల విషయమున వివరించెను. గ్రుడ్డునుండి వెలువడిన బాతుపిల్ల తొలుత కదలుచు కనబడినదానినే తల్లిగా భావించి వెంబడించును. లోరెంజునకు 1973లో నోబెల్ బహుమానము లభించినది.

కుక్కల విషయమున ప్రధానమైన పరిశోధన అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున బార్ హార్బర్ పట్టణములో జరిగినది. అచ్చటి జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కలను అనేక సంవత్సరములు పరిశీలించి, 1965లో తమ గ్రంథమును ప్రకటించిరి. అచ్చటనే జరిగిన ఒక ప్రయోగ ఫలితములు 1961లో వెలువడినవి. కొన్ని కుక్కపిల్లలను ఎత్తైన కంచె గల పొలమున తల్లితో ఉంచి, మనుష్యుల పొడ గిట్టకుండ పెంచిరి. కొన్నిటిని రెండవ, మూడవ, అయిదవ, ఏడవ, తొమ్మిదవ వారములలో ఒక్కొక్క వారము పాటు లోనికి తెచ్చి, మనుష్యులతో ఆడుకొననిచ్చి, తిరిగి పొలమునకు పంపిరి. కొన్నిటిని పదునాలుగవ వారమువరకు తీసికొనిరాలేదు. తుదకు అన్నిటిని పరీక్షింపగా, అయిదు మొదలు తొమ్మిది వారముల నడుమ మనుష్యులను ఎరిగిన పిల్లలు చక్కగా మచ్చికయైనవి. పదునాలుగు వారములవరకు మనిషి నెరుగని పిల్లలు అడవి జంతువులవలె బెదరిపోయినవి. వానిని లాలించుటకు ఎంత శ్రమించినను మార్పు స్వల్పమే.

ఇందు గమనింపదగిన విషయము మరొకటి కలదు. మేలు చేసినది నెలల తరబడి శిక్షణ కాదు. తగిన వయస్సున ఒక్క వారపు స్నేహము. అంధులకు దారి చూపు కుక్కలను తయారుచేయు సంస్థలును ఇదే గ్రహించినవి. పన్నెండు వారములు దాటిన పిదపను కుక్కలశాలలోనే ఉండిపోయిన పిల్లలు, వెంటనే కుటుంబములకు చేరిన పిల్లలంత బాగుగా రాణింపలేదని 1959లో ప్రకటితమైన పరిశీలన తెలిపినది.

తల్లి యొద్ద ఎన్నాళ్లు ఉంచవలెను?

కుక్కపిల్లకు మొదటి గురువు తల్లి, సహాధ్యాయులు తోబుట్టువులు. ఆటలో ఒక పిల్ల మరొకదానిని గట్టిగా కరచినచో అది కుయ్యిమని అరచి ఆట మానివేయును. కరచినది ఒంటరిగా మిగిలిపోవును. ఇట్లు పలుమారులు జరుగుటచే పండ్ల పట్టును అదుపులో నుంచుకొనుట అలవడును. నెల రోజులకే తల్లినుండి వేరుచేయబడిన పిల్లకు ఈ పాఠము అందదు. ముద్దుగా నున్నదని మరీ పసికూనను తెచ్చుకొనుట అందుచే తగదు. ఎనిమిది వారములు నిండని పిల్లలను విక్రయింపరాదని మన దేశమున 2017లో వచ్చిన కుక్కల పెంపకపు నియమములును చెప్పుచున్నవి.

అయితే ఎనిమిది వారములు తల్లి యొద్ద నుండుట యనగా మనుష్యులకు దూరముగా నుండుట కాదు. మూడవ వారము మొదలుకొని ఇంటివారు ప్రతిదినము కొన్ని నిమిషములు ఒక్కొక్క పిల్లను చేతులలోనికి తీసికొని నిమురవలెను. పెరటిలోని చీకటి కొట్టమున ఎవరును పలుకరింపక పెరిగిన పిల్లకంటె, వంటయింటి చప్పుళ్ల నడుమ పెరిగిన పిల్ల మేలు. కుక్కపిల్లను తెచ్చుకొనువారు పిల్ల రంగును, జాతిని అడుగుటకు ముందు అది ఎక్కడ పెరిగినదో, తల్లి స్వభావమెట్టిదో చూచుట మంచిది.

మనుష్యులతో పరిచయము

కుక్క దృష్టిలో “మనుష్యులు” అను ఒకే వర్గము లేదు. ఇంటిలోని ఇద్దరు ముగ్గురిని మాత్రమే ఎరిగిన కుక్కకు తలపాగా చుట్టుకొన్న రైతు వేరొక జంతువువలె తోచును. కనుక ఎనిమిది మొదలు పన్నెండు వారముల నడుమ వీలైనన్ని విధముల మనుష్యులను దానికి చూపవలెను: చేతికర్ర పట్టిన వృద్ధులు, మీసములు గడ్డములు గలవారు, ముసుగు ధరించిన స్త్రీలు, గొడుగు వేసికొన్నవారు, తలపై గంపతో వచ్చు కూరగాయలమ్మి, ఖాకీ దుస్తుల ఉద్యోగి, పాఠశాల దుస్తులలోని పిల్లలు, తప్పటడుగులు వేయు పసివారు.

పరిచయము చేయు విధమున మూడు సూత్రములు కలవు. మొదటిది, పిల్లనే మనిషి దగ్గరకు రానీయవలెను. మనిషి దానిమీదకు వంగరాదు. రెండవది, వచ్చిన పిల్లకు ఉడికిన కోడిమాంసపు తునకయో, చపాతీ ముక్కయో అందించి, గడ్డము క్రింద మెల్లగా నిమురవలెను. మూడవది, అది వెనుకకు తగ్గినచో విడిచిపెట్టవలెను. బలవంతముగా పట్టి ఒడిలో కూర్చుండబెట్టిన పరిచయము స్నేహమును కాక భయమును నాటును. దినమునకు ఒకరిద్దరు కొత్తవారు చాలును. ఒక్క పూట పెండ్లి పందిటిలో తిప్పి అలసటజెందించిన మేలు కంటె కీడే అధికము.

దేహమును ముట్టనిచ్చుటయు ఒక పాఠమే. ప్రతిదినము చెవులను, పాదములను, గోళ్లను, పెదవి నెత్తి పండ్లను చూచి, వెంటనే ఏదైన తినిపింపవలెను. పెద్దదైన పిదప పశువైద్యుని బల్లపై అది నిలుచునా, పెనుగులాడునా అనునది ఈ అలవాటుపై ఆధారపడియుండును. తినుచున్న పిల్ల పళ్లెమును లాగి “పౌరుషము” పరీక్షించుట చెడ్డ అలవాటు. దానికి బదులు, తినుచున్నప్పుడు దరిజేరి పళ్లెమున మరొక మంచి ముక్క వేయవలెను. అప్పుడు మనిషి చేయి దోచుకొను చేయి కాదనియు, ఇచ్చు చేయి యనియు పిల్ల గ్రహించును.

శబ్దములు, స్థలములు

మన ఊళ్లలో శబ్దములకు కొదువ లేదు. కుక్కరు కూత, మిక్సీ మోత, స్కూటరు, లారీ హారను, గుడి గంట, మసీదు పిలుపు, పెండ్లి మేళము, ఉరుము, దీపావళి టపాకాయలు — ఇవన్నియు కుక్క జీవితమున తప్పనివే. వీనిని తక్కువ స్థాయిలో, దూరమునుండి, తినుటతోను ఆటతోను జతపరచి వినిపింపవలెను. టపాకాయల మోతను చేతిఫోనులో వినీవినబడనంత మెల్లగా వినిపించుచు అన్నము పెట్టి, కొన్ని దినములలో కొద్దికొద్దిగా హెచ్చింపవచ్చును. పిల్ల తినుట మానినచో శబ్దము ఎక్కువైనదని గ్రహించి తగ్గింపవలెను. దీపావళినాడు చెంతనే టపాకాయ ప్రేల్చి “అలవాటు చేయుట” వలన జన్మమంత భయము నిలిచిపోవచ్చును.

నేలలోను భేదములు కలవు. నున్నని బండ, ఇసుక, తడిసిన పచ్చిక, సిమెంటు మెట్లు, ఇనుప జల్లెడ మూతలు — ఒక్కొక్కదానిపై అడుగు పెట్టనీయవలెను. ఆటోలోను, కారులోను చిన్న ప్రయాణములు చేయింపవలెను. పశువైద్యశాలకు సూదిమందు లేని దినమున ఒకమారు తీసికొనిపోయి, అచ్చట ఏదైన తినిపించి తిరిగి తెచ్చుట మిక్కిలి ఉపయోగకరము. దినములో కొంతసేపు ఒంటరిగా నుండుటయు నేర్పవలెను. లేనిచో ఇంటివారు బయలుదేరినప్పుడెల్ల అది తల్లడిల్లును.

భయమును గుర్తించుట

కుక్కకు మాట లేదు. దేహమే దాని భాష. తోకను కాళ్ల నడుమ ముడుచుట, చెవులను వెనుకకు వంచుట, మొగము తిప్పుకొనుట, ఆకలి లేకయే పెదవులు నాకుకొనుట, నిద్ర లేకయే ఆవులించుట, కదలక బిగిసిపోవుట — ఇవి “నాకు భయముగా నున్నది” అను మాటలు. వీనిని ఎవరును గమనింపనప్పుడు అది గుర్రుమనును. గుర్రుమనుటకు దండించినచో భయము పోదు. హెచ్చరిక మాత్రమే పోవును. తరువాత ఆ కుక్క హెచ్చరింపకయే కరచును. గుర్రుమన్నప్పుడు దూరముగా తొలగి, కారణమును తెలిసికొని, మరునాడు మరింత దూరమునుండి పరిచయము మొదలుపెట్టవలెను.

టీకాలకును పరిచయమునకును పొత్తు

ఇక్కడ ఒక చిక్కు కలదు. కీలక కాలము పన్నెండు వారములకు ముగియును. టీకాల వరుస పదునారు వారములు నిండువరకు సాగును. పుట్టిన వెంటనే త్రాగిన తల్లిపాల ద్వారా పిల్లకు కొంత రక్షణ లభించును. ఆ రక్షణ ఉన్నంతకాలము టీకా పూర్తిగా పనిచేయదు. అది ఎప్పుడు తరుగునో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరు. అందుచేతనే పార్వో, డిస్టెంపర్ వ్యాధుల టీకాను ఆరు, ఎనిమిది వారముల నడుమ ప్రారంభించి, మూడు నాలుగు వారముల కొకసారి మరల మరల వేయుదురు.

టీకాలు ముగియువరకు ఇల్లు కదలనీయక ఉంచినచో వ్యాధి సోకకపోవచ్చును గాని కీలక కాలము వ్యర్థమగును. తొందరపడి వీధిలో వదలినచో పార్వో వ్యాధిచే పిల్ల మరణింపవచ్చును. మధ్యే మార్గమిది: తొలి టీకా వేయించి వారము గడచిన పిమ్మట పిల్లను చేతులలోనో, గంపలోనో ఎత్తుకొని బజారును, బస్టాండును చూపవలెను; వీధి కుక్కలు మలవిసర్జన చేయు చోట నేలపై దింపరాదు. టీకాలన్నియు పడి ఆరోగ్యముగా నున్న బంధుమిత్రుల కుక్కలతో వారి ఇంటి ఆవరణలో ఆడుకొననీయవచ్చును. జబ్బుపడిన కుక్క ఉన్న ఇంటికి పోరాదు.

రేబీస్ టీకాను మూడు నెలలు నిండగానే వేయించి, సంవత్సరమునకు మరల వేయించి, అటుపై పశువైద్యుని సలహా ప్రకారము కొనసాగింపవలెను. నులిపురుగుల మందును రెండు వారముల వయస్సునుండియే ఇప్పించుట అవసరము. ఏలనన ఈ పురుగులు తల్లినుండియే పిల్లకు సంక్రమించును. పిల్ల మలముతో కలిసిన మట్టిద్వారా ఆ పురుగు గ్రుడ్లు పసివారి కడుపున చేరినచో కంటికి సైతము హాని కలుగవచ్చును. కుక్కపిల్లతో ఆడిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనుట ఇంట నియమముగా నుండవలెను.

ఇంటిలోని పిల్లలకు నేర్పవలసినవి

కుక్కపిల్లకు పాఠములు చెప్పుట సగము పని. బాలబాలికలకు చెప్పుట మిగిలిన సగము.

1. తినుచున్న, నిద్రించుచున్న, పిల్లలకు పాలిచ్చుచున్న కుక్క దరికి పోరాదు.
2. కట్టివేయబడిన కుక్కను, యజమాని లేని కుక్కను ముట్టరాదు.
3. తోక లాగుట, చెవులు పట్టుట, పైకెక్కుట, కౌగిలించుకొనుట తగదు.
4. కుక్క వెంటబడినచో పరుగెత్తరాదు. చేతులు దగ్గరగా నుంచుకొని, దాని కన్నులలోనికి చూడక, చెట్టువలె నిలువవలెను. క్రిందపడినచో ముడుచుకొని, చేతులతో మెడను, చెవులను కప్పుకొనవలెను.
5. కుక్క కరచినను, గీరినను, పుండుపై నాకినను వెంటనే పెద్దలకు చెప్పవలెను.

అయిదవ నియమము ప్రాణరక్షకము. దెబ్బలు తినవలసివచ్చునను భయముచే పిల్లలు చిన్న గాటును దాచిపెట్టుట కలదు. చెప్పిన బిడ్డను కోపగింపబోమని తల్లిదండ్రులు ముందుగనే మాట ఇయ్యవలెను. అయిదారేండ్ల లోపు పసివారిని కుక్కతో, అది ఎంత సాధువైనను, ఒంటరిగా విడువరాదు.

వీధిలో పుట్టిన పిల్లలు

మన దేశమున కుక్కపిల్లలలో అధికభాగము ఇండ్లలో కాక సందులలో, కాలువల అంచున, నిర్మాణమున నున్న భవనముల క్రింద పుట్టును. వానికిని అదే కీలక కాలము కలదు. ఆ వారములలో రాళ్లు మాత్రమే ఎరిగిన పిల్ల మనిషి చేయి పైకి లేచినచో రాయియే వచ్చునని నేర్చుకొనును. పెరిగిన పిమ్మట అది చేతికి చిక్కదు. చిక్కనందున టీకా పడదు. ఒక ప్రాంతమునందలి కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా వేసినచో ఆ ప్రాంతమున రేబీస్ వ్యాప్తి అరికట్టబడునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చేతితో పట్టుకొన వీలైన కుక్కలు ఎక్కువగా నున్న వీధిలో ఆ పని తేలిక. వల వేసి పట్టవలసిన వీధిలో కష్టము. మూడు నెలలు నిండని కూనలకు గూడ సామూహిక కార్యక్రమములలో టీకా వేయవలెనని ఆ సంస్థ సలహా. కనుక వీధివారు పిల్లలచేత రాళ్లు వేయింపక, ఈనిన తల్లిని కొన్ని వారములు కలత పెట్టక, పురపాలక సంఘమునకు తెలిపి సంతాన నిరోధక శస్త్రచికిత్సకును, టీకాకును ఏర్పాటు చేయుట ఉత్తమము.

పిల్లికూనలు, పెద్ద కుక్కలు

పిల్లికూనల విషయమున కీలక కాలము మరింత ముందుగా, అనగా రెండవ వారమునుండి ఏడవ వారమువరకు ఉండును. తల్లిపిల్లి కూనలను అటకపై దాచిన ఇండ్లలో, అవి క్రిందికి దిగునప్పటికే సగము కాలము గడచిపోవును. కనుక ప్రతిదినము కొంతసేపు ఒకరికంటె ఎక్కువమంది మెల్లగా చేతులలోనికి తీసికొనుట అవసరము. పిల్లి గాటువలన గూడ రేబీస్ రావచ్చును. దానికిని టీకా తప్పదు.

కీలక కాలము దాటిన కుక్కకు మార్గమే లేదనుకొనరాదు. దూరమునుండి మొదలుపెట్టి, తినుబండారముతో జతపరచి, నెలల తరబడి ఓర్పుతో సాగినచో భయము కొంత తగ్గును. అట్టి కుక్కను గుంపులలోనికి లాగుకొనిపోరాదు. ఇంటికి అతిథులు వచ్చినప్పుడు వేరొక గదిలో సుఖముగా నుంచవలెను.

కొన్ని తప్పు నమ్మకములు

“మొరిగే కుక్క కరవదు” అను సామెత మనుష్యుల స్వభావమునకు సరిపోవునేమో గాని కుక్కలకు సరిపోదు. భయముచే మొరుగు కుక్క దగ్గరకు పోయినవారిని కరచును.

కూననాటినుండి గొలుసున కట్టి, ఎవరిని చూపక పెంచినచో మంచి కాపలా కుక్క యగునని కొందరి నమ్మకము. అట్టి కుక్క దొంగకును, పాలవానికిని, మనుమనికిని భేదమెరుగదు. ఇంటివారిని, ఇంటికి వచ్చిపోవువారిని బాగుగా ఎరిగిన కుక్కయే కొత్తవానిని గుర్తింపగలదు. పొట్టి గొలుసుతోగాని, బరువైన గొలుసుతోగాని అనుచితముగా చాలసేపు కట్టివేయుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టమును బట్టి నేరము. ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను తగినంత తిప్పకుండుటయు అదే చట్టమున నేరముగా చెప్పబడినది.

మిరపకాయలు తినిపించినచో రోషము వచ్చునను మాటయు అట్టిదే. దానివలన కలుగునది కడుపుమంట మాత్రమే.

కాటు పడినచో

ఎంత జాగ్రత్త వహించినను కాటు పడవచ్చును. అప్పుడు చేయవలసినది స్పష్టము. గాయమును వెంటనే ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు, కట్టు బిగింపరాదు. వెంటనే వైద్యాలయమునకు పోవలెను. కాటు వేసినది పెంపుడు కుక్కయైనను, కూనయైనను, గాటు చిన్నదైనను ఆలస్యము తగదు.

ప్రభుత్వ వైద్యాలయములలో రేబీస్ టీకాను ఉచితముగా వేయుదురు. చర్మములోనికి ఇచ్చు పద్ధతిలో మొదటి దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 28 దినములలో భుజములకు ఇత్తురు. రక్తము వచ్చిన కాటు అయినచో గాయములోనికే ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును గూడ ఇత్తురు. నొప్పి తగ్గినదని నడుమ మానివేయరాదు. కరచిన కుక్కను చంపక, వీలైనచో 10 దినములు గమనింపవలెను. కాని ఆ ఫలితమునకై టీకాను ఆపరాదు.

బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు పొడుతురను భయము నేటికిని కొందరికి కలదు. ఆ విధానము పాతది. గొర్రె మెదడునుండి తయారగు ఆ టీకాను డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించెను. మన దేశమున 2004 డిసెంబరుతో దాని వాడుక నిలిచిపోయినది. నేటి టీకా భుజమునకు ఇచ్చు చిన్న సూదిమందు. లక్షణములు పొడసూపిన పిమ్మట రేబీసుకు ఇంచుమించు చికిత్స లేదు. లక్షణములకు ముందు చేయు చికిత్స విఫలమగుట అరుదు. ఈ రెండు మాటల నడుమ గల కాలమే మనిషి ప్రాణము. మంత్రములకు, తాయెత్తులకు ఆ కాలమును వ్యయము చేయరాదు.

ముగింపు

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొను కుటుంబము పది పన్నెండు సంవత్సరముల బాధ్యతను స్వీకరించుచున్నది. ఆ బాధ్యతలో మిక్కిలి విలువైన భాగము మొదటి కొన్ని వారములలోనే యున్నది. దానికి పెద్ద వ్యయము అవసరము లేదు. దినమునకు కొన్ని నిమిషములు, గుప్పెడు తిండి, కొంత ఓర్పు, ఇంటికి వచ్చిపోవు పదిమంది సహకారము చాలును. వేళకు టీకా, వేళకు పరిచయము — ఈ రెంటిలో దేనిని వదలినను రెండవది అసంపూర్ణమగును. రెంటిని పాటించిన ఇంట కుక్క నిర్భయముగా పెరుగును. ఆ ఇంటి పిల్లలును, ఆ వీధి పిల్లలును సురక్షితముగా తిరుగుదురు.